అతిథుల కోసం కాల్చిన ఇనుము

కథ నడుమ వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలి. తాష్కెంటుకు గంట దూరంలో, కొండవాలు మీద ఒక అద్దాల కొలిమి ఉంది. వరసలు వరసలుగా నిలబెట్టిన అద్దాలు ఎండను పట్టి ఎదురుగా ఉన్న ఒక పెద్ద గుంట అద్దం మీదికి తోస్తాయి. ఆ గుంట అద్దం ఆ ఎండనంతా పళ్లెమంత చోటికి కుదిస్తుంది. ఆ చోట ఇనుము కూడా నీళ్లలా కారిపోతుంది. అక్కడ సనోబర్ అనే ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయి ఎండతో నీటిలోంచి ఇంధనం తీసే పనిలో నాలుగేళ్లుగా ఉంది. ఆమె పనంతా సీరియం అనే లోహపు భస్మంతో చేసిన ఒక మీగడరంగు బిళ్ల మీదే. ఆ బిళ్లను ఎండలో కాలిస్తే తనలోని ఆక్సిజన్ కొంత వదిలేస్తుంది. చల్లార్చి ఆవిరి తగిలిస్తే, ఆకలి మీద ఉన్న మనిషిలా ఆవిరిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మిగిలిన హైడ్రోజన్ మనకు. అది మండే సరుకు, బండి నడిపే సరుకు.

మామూలుగా గ్రాముకు నాలుగు మిల్లీలీటర్లు వస్తుంది. నిరుడు అక్టోబరులో ఒకే ఒక్క రోజు పదమూడు వచ్చింది. ఆ పదమూడు మీద ఆమె గురువు హమ్రకుల్ దోమ్లా పత్రం రాశారు, సంస్థకు పేరొచ్చింది. అక్కడ గురువును దోమ్లా అంటారు, అక్కను ఆపా, అన్నను ఆకా. ఆ తర్వాత సనోబర్ ఇరవై రెండు సార్లు కాల్చింది. ఒక్కసారీ రాలేదు. ఈ నెలాఖరుకు ఆమె గడువు తీరుతుంది. పరీక్షక సంఘం ఒకటే మాట అంది: ఆ అంకె మీ పుస్తకంలో ఇంకోసారి కనబడాలి, లేకపోతే డాక్టరేటు లేదు. అవతల వానలు దగ్గరపడ్డాయి. మిగిలింది ఒక్క గురువారం. ఆ గురువారం ఎండ సనోబర్‌దేనని కాగితం రాసి సంతకాలు కూడా పెట్టారు. బుధవారం సాయంత్రం అతిథుల విభాగం రాహత్ ఆపా నుంచి ఫోను మోగిన చోట పోయిన వారం ఆగాం.

"రేపు పదింటికి అతిథులు." అంతే ఆ ఫోను.

గురువారం ఆకాశం ఇప్పుడే కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. అది చూసి సనోబర్‌కు ఏడుపొచ్చింది. నెల రోజులుగా ఒక్క పూట ఇలాంటి ఆకాశం ఇమ్మని ఆమె అడుగుతూనే ఉంది. దేవుడు ఇచ్చాడు. ఇచ్చింది ఆమెకా, రాహత్ ఆపాకా అన్నదే తేలలేదు.

కొలిమి బురుజు మీద, ఎండ కుదిరే గదిలో, ఆమె తొమ్మిదింటికే పని మొదలుపెట్టింది. పట్టాల మీద రెండు బళ్లు ఉంటాయి. ముందు బండి అతిథులకు ఇనుప రేకు కాల్చి చూపించడానికి. వెనక బండి మీద సనోబర్ పాత్ర, దానికి గాజు మూత. మూత విప్పి, పట్టకారుతో బిళ్లను లోపల పెడుతుండగా మెట్ల మీద రాహత్ ఆపా బూట్లు టకటకమన్నాయి.

"గురువారం నాదని కాగితం ఉంది ఆపా," అంది సనోబర్, వెనక్కి తిరగకుండానే.

"కాగితం నాకూ ఉంది. నా కాగితం మీద ముద్ర కూడా ఉంది," అంది రాహత్ ఆపా రొప్పుతూ. యాభై ఏళ్ల మనిషి, పూల స్కార్ఫు, చేతిలో ఎప్పుడూ ఒక లావుపాటి పుస్తకం. అతిథులు సంతకాలు పెట్టి పొగిడి వెళ్లే పుస్తకం అది. "ఎందుకమ్మా అలా మొహం మాడ్చుకుంటావు? పదింటికి వస్తారు, పావుగంట చూస్తారు, పోతారు. నీకు రోజంతా ఉంది."

"పోయిన నెలా పావుగంటే అన్నారు. మూడింటికి పోయారు."

"వాళ్లకి పలావు నచ్చింది. నచ్చితే ఇంకో పళ్లెం పెట్టమా? వద్దు, ఈ పిల్లకి ఎండ కావాలి, లేవండి అని చెప్పమంటావా?"

"చెప్పండి!"

"చాల్లే. కిందికి రా. గుల్‌బహోర్ సెలవు పెట్టింది, టీ పోసే మనిషి లేదు."

సనోబర్ పట్టకారు కింద పెట్టింది. "జావ్లోన్ ఉన్నాడుగా? గాలి కొలిచే యంత్రం ముందు కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. వాణ్ణి పిలవండి."

"మగపిల్లాడు టీ పోస్తే ఏం బావుంటుంది? పైగా వాడికి వేరే పని ఉంది. అతిథులకి ఇంగ్లీషులో వివరించాలి."

"ఏం వివరిస్తాడు?"

"నీ పని గురించే."

సనోబర్‌కు నవ్వాలో గోడకు తల కొట్టుకోవాలో తెలియలేదు. నాలుగేళ్లు ఆమె కాల్చిన బిళ్ల గురించి, నిరుడు చేరిన కుర్రాడు చెబుతాడు. అతను చెబుతున్నప్పుడు ఆమె పక్కన నిలబడి టీ పోస్తుంది. పొయ్యనంటే పెద్దవాళ్ల మాట కాదన్నట్టు. పోస్తే పొద్దు పోయినట్టు. విసురుగా చేతి తొడుగులు తీసి బల్ల మీద పడేసి మెట్లు దిగింది.

పాత్ర మీద మూత పెట్టలేదు. ఆ సంగతి ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు.

పదింటికి రావలసిన అతిథులు పదకొండు దాటాక వచ్చారు. రొట్టెలు విరిచారు, ద్రాక్షలు తిన్నారు, ఎండు ఆప్రికాట్లు జేబుల్లో వేసుకున్నారు. సనోబర్ పింగాణీ గిన్నెలలో టీ పోస్తూ తిరిగింది. ఆ సీమలో గిన్నెలో టీ కొంచెమే పోస్తారు. కొంచెం పోస్తే మళ్లీ అడగండి, కూర్చోండి అని. నిండా పోస్తే ఇక దయచేయండి అని. మధ్యలో కూర్చున్న లావుపాటి అతిథి మూడోసారి గిన్నె చాచేసరికి సనోబర్ చెయ్యి ఆగలేదు. అంచు దాకా నింపేసింది. ఆయన బయటి దేశస్థుడు, ఆ మర్యాద ఎరగడు. బ్రహ్మానందంగా తల ఊపి, "ఈ అమ్మాయిది పెద్ద చెయ్యి," అన్నాడు. రాహత్ ఆపా మాత్రం బల్ల అవతల నుంచి కళ్లతోనే ఆమెను ఇనుప రేకులా కాల్చేసింది.

ఆ తర్వాత ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగారు. "ఇందులో పలావు ఎంతసేపట్లో ఉడుకుతుంది?"

అద్దాలు కాచే మహ్కం ఆకా గుమ్మం దగ్గర టోపీ సర్దుకుంటూ నిలబడి ఉన్నాడు. ముప్ఫై నాలుగేళ్లుగా ఈ ప్రశ్నకు ఆయనదే జవాబు. "కళ్లు మూసి తెరిచేలోగా పలావూ ఉండదు, గిన్నే ఉండదు."

అందరూ పగలబడి నవ్వారు. ఈ ఏడాది ఆ నవ్వు సనోబర్ వినడం అది ముప్ఫై ఒకటోసారి. అతిథులందరినీ నల్ల కళ్లద్దాలు పెట్టి బురుజు కింద నిలబెట్టారు. పైన మహ్కం ఆకా ఎండ కుదిరే గది తలుపులు తెరిచాడు. చిటికెన వేలంత మందమున్న ఇనుప రేకు ఎర్రగా, తెల్లగా అయి, బొక్కపడి, నిప్పుచుక్కలు చిమ్ముతూ కారిపోయింది. చప్పట్లు కొట్టారు. రంధ్రం పడిన రేకును చల్లార్చి ఎర్రటి రిబ్బను కట్టి లావుపాటాయనకు కానుకిచ్చారు. మళ్లీ భోజనం. మళ్లీ రెండు ప్రసంగాలు. హమ్రకుల్ దోమ్లా లేచి మన యువ శాస్త్రవేత్తలే మన భవిష్యత్తు అన్నప్పుడు ఆ భవిష్యత్తు ఖాళీ పళ్లేలు ఏరుతోంది. అందరూ అరచేతులతో ముఖం తడిమి ఆమీన్ అని లేచేసరికి ఒకటిన్నర దాటింది.

సనోబర్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

పైన గది ఇంకా కమురు వాసన వేస్తోంది. పాత్రలోకి చూసి ఆమె అరిచేసింది.

"మహ్కం ఆకా! ఇదేం పని?"

మీగడరంగు బిళ్ల మీద నల్లటి చుక్కలు. ఆవాల్లా కొన్ని, దుమ్ములా కొన్ని. ముందు బండి మీద కరిగిన ఇనుము వెనక బండి దాకా చిమ్మింది. పొగ కూడా అంతా దాని మీదే పేరుకుంది.

"నన్నంటావేం తల్లీ? మూత తీసి పోయింది ఎవరు?"

"నన్ను టీకి లాక్కుపోయింది ఎవరు? మీరైనా మూయకూడదా?"

"నీ సామాను ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని రంజాన్‌లో అన్నావు. ఉపవాసం మీద ఉండి మరీ అన్నావు. నేను ముట్టుకోలేదు."

సనోబర్‌కు తిట్టడానికి ఇంక ఎవరూ మిగల్లేదు. తనే మిగిలింది. సంచిలోంచి ఇంకో కొత్త బిళ్ల తీసింది. చుక్కల బిళ్లను పట్టకారుతో ఎత్తి చెత్తడబ్బా వైపు తిప్పింది.

"పారేస్తున్నావా?" అన్నాడు మహ్కం ఆకా. "నిరుడు పారెయ్యలేదే."

"నిరుడేంటి?"

"నిరుడూ ఇదే వరస. మూత తీసి టీకి పోయావు. వచ్చి నన్ను తిట్టావు, ఇవే తిట్లు. వేరే బిళ్ల లేదన్నావు, కుంచెతో దులిపి దాన్నే కాల్చావు. ఆ సాయంత్రమేగా మీ దోమ్లా సంస్థంతా తిరిగి మిఠాయిలు పంచింది? నా మనవరాలికి రెండు పట్టుకెళ్లాను, అందుకే గుర్తు."

పట్టకారు గాలిలో అలాగే ఆగిపోయింది.

సనోబర్ తన పని పుస్తకం తెరిచింది. నిరుడు అక్టోబరు తొమ్మిది. కాల్చిన వేడి, ఆవిరి, సమయం, పదమూడు. వీటన్నిటికీ ముందు, పై వరసలో, తన చేతిరాతలోనే మూడు మాటలు: 'బిళ్ల శుభ్రం చేశాను.' ఏం పడితే శుభ్రం చేసిందో రాయలేదు. ఏడాదిలో ఈ పుట వందసార్లు చదివి ఉంటుంది. ఆ మూడు మాటల మీద ఒక్కసారీ కన్ను ఆగలేదు.

రాహత్ ఆపాకు ఫోన్ చేసింది. "ఆపా, మీ పుస్తకంలో నిరుడు అక్టోబరు తొమ్మిది చూడండి."

"ఇప్పుడే కూర్చున్నానమ్మా, కాళ్లు లాగుతున్నాయి."

"ఆపా, మీకు దండం పెడతాను. చూడండి."

పుటలు తిరిగే చప్పుడు. "ఆ, తొమ్మిది. ఎనిమిది మంది. పదకొండింటికి వచ్చారు, ఒంటిగంటకు వెళ్లారు. ఎంత బాగా రాశారో చూడు, 'మీ కొండ మీద ఇనుము వెన్నలా కరగడం చూశాం' అని. నా పుస్తకంలో తేదీ తప్పదు. ఏం, మళ్లీ ఏమైంది?"

"ఏం లేదు ఆపా. చాలా థాంక్స్."

"నువ్వు నాకు థాంక్స్ చెప్పావా?" అంది రాహత్ ఆపా అనుమానంగా. ఫోన్ పెట్టేసింది.

జావ్లోన్ గింజల పొట్టు చేతిలో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. సనోబర్ అతనికి రెండు ముక్కల్లో చెప్పింది. అతను ఈల వేశాడు.

"అంటే ఆపా, ఏడాదిగా మనం ఏ అతిథుల్ని తిడుతున్నామో, ఆ పదమూడు వాళ్లు పెట్టిన భిక్షా?"

"భిక్షో, మోసమో. ఎర్రగా కాలిన ఇనుముకి ఆవిరి తగిలితే ఏమవుతుంది?"

జావ్లోన్ ముఖం వాడిపోయింది. అది బడి పిల్లలకు కూడా తెలిసిన పాఠం. ఇనుము తుప్పు పడుతుంది. పడుతూ అదీ హైడ్రోజన్ వదులుతుంది. అలాగైతే నిరుడు వాళ్లు ఎండనుంచి ఇంధనం తీయలేదు, చెంచాడు ఇనుముకు తుప్పు పట్టించారు. మిఠాయిలు పంచింది తుప్పుకు.

"లేదా," అంది సనోబర్ తనలో తానే, "ఇనుము బిళ్లలో కలిసి బిళ్లకే కొత్త బలం వచ్చిందేమో. అలాంటివీ ఉంటాయి."

"ఏది నిజమో ఎలా తెలుస్తుంది?"

"తుప్పైతే ఒక్కసారే పడుతుంది. అదే బిళ్లను మళ్లీ కాల్చి మళ్లీ ఆవిరి ఇస్తే నాలుగుకు పడిపోతుంది. బిళ్లకే బలమొస్తే రెండోసారీ పదమూడు వస్తుంది. రెండోసారి కాల్చాలి, అంతే."

"నిరుడు కాల్చలేదా?"

"మబ్బు పట్టింది. ఒక్కసారికే సరిపోయింది. రాత్రి చలికి ఆ బిళ్ల పగిలిపోయింది."

జావ్లోన్ ఏదో అనబోయి ఆగాడు. సనోబర్ గమనించలేదు. ఆమె చుక్కల బిళ్లను తిరిగి పాత్రలో పెట్టి, నిరుడు చేసినట్టే కుంచెతో ఒకసారి దులిపి, గాజు మూత బిగించింది. బిస్మిల్లా అంది. మహ్కం ఆకా మెడలోని తాళంచెవి తీసి పెట్టె తెరిచి మీట ఎత్తాడు. కొండవాలంతా అద్దాలు ఒక్కసారి కదిలాయి. గది తెల్లబడింది.

అరగంట కాల్చడం, పావుగంట చల్లార్చడం, పది నిమిషాలు ఆవిరి. ఆపైన యంత్రం ఎనిమిది నిమిషాలు తనలో తను గొణుక్కుని కాగితం మీద అంకె వేస్తుంది. ఆ గంటసేపూ ఎవరూ ఎవరినీ వేళాకోళం చేయలేదు.

కాగితం వచ్చింది. పద్నాలుగు.

జావ్లోన్ గంతు వేశాడు. మహ్కం ఆకా టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. కబురు ఎవరు చేరవేశారో, హమ్రకుల్ దోమ్లా మెట్లెక్కి వచ్చేశారు. అరవై మూడేళ్ల మనిషి, పల్చటి గడ్డం, అతిథుల కోసం కట్టిన టై ఇంకా విప్పలేదు. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్లకు అద్దుకున్నారు.

"అల్హందులిల్లా! అల్హందులిల్లా! చూశావా తల్లీ, ఓర్పు పట్టమని చెప్పానా లేదా? మహ్కం, అద్దాలు మూసెయ్. పిల్లలు అలిసిపోయారు. ఈ కాగితం ఇప్పుడే సంఘానికి పంపిస్తాను."

"ఇంకోసారి కాల్చాలి దోమ్లా," అంది సనోబర్.

"ఎందుకు?"

ఆమె చెప్పింది. మూత, టీ, ఇనుము చుక్కలు, రాహత్ ఆపా పుస్తకం. చెబుతున్నంతసేపూ దోమ్లా ముఖంలో ఆశ్చర్యం కనిపించలేదు. ముందు నవ్వు తగ్గింది, తర్వాత రంగు తగ్గింది.

"వాళ్లు అడిగింది అంకె," అన్నారు చివరికి. "అంకె వచ్చింది. ఎలా వచ్చిందని వాళ్లు అడగలేదు."

"రేపు ఇంకెవరో వేరే దేశంలో మన పత్రం చూసి చేస్తారు. వాళ్లకి నాలుగే వస్తుంది. అప్పుడు అడగరా? అసలు ఒక్కసారి కాల్చి ఏం చెప్పగలం? నిరుడు కూడా ఒక్కసారే..."

"ఆపా," అన్నాడు జావ్లోన్ మెల్లగా. "పత్రంలో మూడుసార్లని ఉంది."

గదిలో చల్లారుతున్న ఇనుప బండి టిక్కు టిక్కుమంది.

"ఏమని ఉంది?"

"నేను చేరినప్పుడు మొదట చదివింది అదే. మూడుసార్లు వరసగా కాల్చాం, మూడుసార్లూ పదమూడే వచ్చింది అని. మీకు తెలుసనుకున్నాను. మొదటి పేరు మీదేగా."

మొదటి పేరు ఆమెదే. సంతకం కూడా ఆమెదే. నిరుడు ఒక సాయంత్రం దోమ్లా కాగితాలు ముందు పెట్టి, ఇక్కడ పెట్టు తల్లీ అన్నారు. ఆమె పెట్టింది. గురువు రాసిన దాన్ని శిష్యురాలు సరిచూస్తానంటే, నాకు మీ మీద నమ్మకం లేదని ముఖాన చెప్పినట్టే. ఆ ఊళ్లో ఏ శిష్యురాలూ అలా అడగదు. అచ్చయి వచ్చాక తన పేరు ఉన్న పుట వరకు తీసి, ఫోటో తీసి అమ్మకు పంపింది. లోపలి పుటలు తెరవలేదు. పైకి ఎవరికీ చెప్పలేని కారణం ఒకటి ఉంది. ఆ ఇంగ్లీషు తనకంటే బాగుంది, చదివితే తను తక్కువదాన్ననిపిస్తుంది.

"దోమ్లా?" అంది.

ఆయన బల్ల మీద కూర్చుండిపోయారు. టై వదులు చేసుకున్నారు.

"ఆ రోజే పత్రం పంపడానికి ఆఖరి గడువు. మిగతా రెండూ మర్నాడు చేసేద్దాం, ఎలాగూ వస్తుంది కదా అనుకున్నాను. మర్నాడు మబ్బు. ఆ మర్నాడు మబ్బు. ఆ తర్వాత ఎండ వచ్చింది, అంకె రాలేదు. ఏడాదిగా నువ్వు కాలుస్తున్న ప్రతిసారీ కింద నా గదిలో నేను దువా చేస్తూనే ఉన్నాను తల్లీ. నువ్వు నమ్మినా నమ్మకపోయినా."

రేపు చేయబోయే పనిని ఇవాళే చేశానని రాసుకోవడం అబద్ధమా? రేపు వచ్చి ఉంటే అది నిజమైపోయేది కదా? ఇన్షా అల్లా, దేవుడు తలిస్తే, అనే చిన్నమాట ఒకటి మనకు ఇచ్చింది అందుకే కాబోలు. నోటితో రోజుకు పదిసార్లు అనే ఆ మాట కాగితం మీద రాయవలసి వచ్చినప్పుడు మనకెందుకు అడ్డుగా తోస్తుందో!

"చూడు," అన్నారు దోమ్లా. గొంతులో ఇప్పుడు గురువు లేడు, బతిమాలే ముసలాయన ఉన్నాడు. "నన్ను ఏమన్నా పడతాను. నా కాలం అయిపోయింది. కానీ పై పేరు నీది. అది తుప్పని తేలితే ముందు పోయేది నీ పేరు. డాక్టరేటు పోతుంది, తర్వాత ఎక్కడికెళ్లినా ఆ మచ్చ వస్తుంది. ఇవాళ్టి పద్నాలుగు రాసెయ్యి. పట్టా చేతికి రానీ. ఆ తర్వాత నిజం వెతుక్కో, ఎవరొద్దంటారు? నిజం ఎక్కడికీ పోదు."

"బిళ్ల పోతుంది దోమ్లా. ఈ ఎండ పోతుంది."

"మహ్కం," అన్నారు దోమ్లా లేస్తూ. "నేను ముందే చెప్పాను. అద్దాలు మూసెయ్."

సనోబర్ కిటికీలోంచి చూసింది. పడమటి కొండ నీడ అద్దాల మొదటి వరస దాకా వచ్చింది. నీడ నాలుగో వరస ముట్టుకుంటే ఇక వేడి చాలదు. అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. నాలుగేళ్లు. అమ్మ గోడకు అంటించుకున్న ఫోటో. ఇవాళ్టి కాగితం మీద నిగనిగలాడుతున్న పద్నాలుగు. ఇంతకీ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? చదవకుండా పెట్టిన సంతకం తనదే.

ఆమె మహ్కం ఆకా వైపు చూసింది. 

మహ్కం ఆకా మెడలోని తాళంచెవి తడుముకున్నాడు. దోమ్లాను చూశాడు, గోడ గడియారాన్ని చూశాడు.

"అసర్ వేళయింది దోమ్లా," అన్నాడు వినయంగా. "నమాజు చేసుకుని వచ్చి మూస్తాను."

"ముందు మూసి వెళ్లు!"

"పైవాడు పిలిచాక ఇంకో పని ముట్టుకోకూడదని మీరే కదా జుమా రోజు చెప్పారు."

తాళంచెవి మెడలోనే ఉంచుకుని ఆయన మెట్లు దిగాడు. అద్దాలు తెరిచే ఉన్నాయి. సన్నబడుతున్న ఎండ ఇంకా పళ్లెమంత చోటనే తెల్లగా మండుతోంది. సనోబర్ బండిని పట్టాల మీద ముందుకు తోసింది.

కింద, అద్దాల వరసల పక్కన, మహ్కం ఆకా చాప పరిచాడు. అంత నెమ్మదిగా ఆయన నమాజు చేయడం ఆ కొండ మీద ఎవరూ చూడలేదు. వంగినవాడు వంగినట్టే, నుదురు ఆనించినవాడు ఆనించినట్టే. పైన బిళ్ల ఎర్రబడింది, తెల్లబడింది. నీడ రెండో వరస దాటింది. మూడో వరస ముట్టుకుంది. దోమ్లా ఒక్కసారి మెట్ల వైపు రెండడుగులు వేసి, నమాజు చేస్తున్న మనిషిని ఆపలేక, వెనక్కి వచ్చి కూర్చున్నారు. నాలుగో వరస అంచున నీడ పాకుతుండగా సనోబర్ బండి వెనక్కి లాగింది.

చల్లార్చింది. ఆవిరి వదిలింది. యంత్రం గొణగడం మొదలుపెట్టింది. ఎనిమిది నిమిషాలు.

ఆ ఎనిమిది నిమిషాలు ఊరికే కూర్చోలేక ఆమె పని పుస్తకం తెరిచింది. పెన్సిలు పక్కన పెట్టి కలం తీసుకుంది. దోమ్లా చూస్తుండగానే, అంకె ఎంతో తెలియకముందే, ఒక్కో మాటా నిలబెట్టి రాసింది.

'నిరుడు అక్టోబరు తొమ్మిదిన ఒక్కసారే కాల్చాం. బిళ్ల మీద అతిథుల ఇనుము పడింది. పత్రంలో మూడుసార్లని ఉన్నది నిజం కాదు. చదవకుండా సంతకం పెట్టాను. సనోబర్.'

దోమ్లా ఆ నాలుగు వరసలూ తలకిందులుగానే చదివారు. చెయ్యి చాచారు. పుస్తకం లాక్కుంటారేమోనని సనోబర్ అరచేయి అడ్డం పెట్టింది. ఆయన అడిగింది కలం. ఆమె పేరు కింద 'మూడుసార్లని రాసింది నేను' అని తన పేరు పెట్టారు.

అప్పుడే యంత్రం ఆగింది.

జావ్లోన్ కాగితం చించాడు.  కాగితం సనోబర్‌కు ఇవ్వలేదు, దోమ్లాకూ ఇవ్వలేదు. యంత్రాన్ని ఒకసారి, కాగితాన్ని ఒకసారి చూశాడు. దాన్ని ఛాతీకి ఆనించుకున్నాడు.

"నాలుగు కాదు ఆపా," అన్నాడు. "పదమూడూ కాదు. ముందు మీరు కూర్చోండి."